వాడి తరఫున వకాల్తా పుచ్చుకోకు

చిరంజీవికి,

నీ యాంటీ హీరో కథ, అంటే చెడ్డపనులు చేసేవాడే హీరో అయిన కథ, చదివాను, బాగుంది. ఇక అసలు గొడవకి వస్తాను.

చెల్లెలు ఫీజు కోసం దాచుకున్న డబ్బు మీ హీరో కొట్టేస్తాడు. నోట్లు లెక్కపెట్టుకుంటూ, చిరిగిన నోటు కనిపిస్తే దాన్ని మాత్రం మళ్ళీ డబ్బాలో పెట్టేస్తాడు. వాడి మీద ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. ఇంకేం చేస్తాడో చూద్దామని పేజీ తిప్పితే ఏముంది? తాగొచ్చిన తండ్రి, బెల్టు దెబ్బలు, చీకటి గది. రెండు పేజీల ఫ్లాష్‌బ్యాక్! ఈసారి ఒళ్ళు మండింది నీ మీద. ఎవరడిగారయ్యా ఆ సంజాయిషీ?

దొస్తోయెవ్‌స్కీ 'నేరము-శిక్ష' 1866 నాటి నవల. అందులో హీరో రాస్కోల్నికోవ్ కటిక పేదవాడే. కానీ చంపి దోచుకున్న పర్సులో ఎంతుందో కూడా చూడకుండా రాయి కింద దాచేస్తాడు. డబ్బు కోసమే చంపాడనే సాకు అక్కడితో సరి. గొప్పవాళ్ళు గీత దాటొచ్చనే వాడి సిద్ధాంతంతో మనమే తంటాలు పడాలి.

మన గిరీశమూ అంతే. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర 20 రూపాయలు పట్టుకెళ్ళి తగలేశానని మొదట్లోనే తన నోటితో తనే చెప్పేస్తాడు. చిన్నప్పుడు ఏ కష్టాలు పడ్డాడో గురజాడ చెప్పడు, మనమూ అడగం. కోతలని తెలిసీ వెంకటేశంలాగే వెంట పోతాం.

'పాత్ర మీద జాలి కలగాలి' అనే రోగం ఎడిటర్లు అంటించిందే. ఒక వారపత్రికలో అచ్చయిన నా కథ చూసుకుంటే, చివర్లో మావాడు తల్లి ఫోటో ముందు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఆ పేరా నేను రాయలేదు. అడిగితే 'పాఠకులకి ఊరట ఉండాలి కదండీ' అన్నారు. పారితోషికం మాత్రం నేను రాసినంతవరకే లెక్కకట్టారు!

సినిమాల్లో ఏడుపుకి బదులు స్లో మోషన్. తన్నినవాడి నడకకి చెవులు పగిలే మ్యూజిక్, తన్నులు తిన్నవాడి మొహానికి ఒక్క షాట్ కూడా ఉండదు. కెమెరా అతని మీద ఇంకాసేపు నిలబడితే, విజిల్ వేయబోయినవాడు ఒక్క క్షణం ఆగుతాడు. యాంటీ హీరో కథకి ఆ ఇబ్బందే ప్రాణం. వాడు నచ్చాలి, నచ్చినందుకు మనకి సిగ్గేయాలి.

మరి నీ కథలో చెల్లెలేదీ? డబ్బు పోయాక ఆ పిల్ల జాడే లేదు. ఆ అమ్మాయి డబ్బా తెరిచే సీను రాయి. వాడు పక్కనే ఉండాలి. 'ఎక్కడో పడిపోయుంటుందిలే' అని తనూ వెతకాలి, మంచం కిందికి వంగి టార్చి కూడా కొట్టాలి. వెతుకుతూ వెతుకుతూ, జాగ్రత్తగా పెట్టుకోలేదని ఆ పిల్లనే నాలుగు తిట్టాలి. తిట్టేటప్పుడు వాడికి నిజంగానే కోపం రావాలి.

ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ రెండు పేజీలు పీకేసి మళ్ళీ పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింట్ తీయి, నా కళ్ళజోడుకి నీ పొదుపు ఆనడం లేదు.

ఆశీస్సులతో.