ఆటోహార్ప్‌లో రెండు కార్డ్ బార్లు కలిపి నొక్కితే కొత్త కార్డ్ వస్తుందా?

ఆటోహార్ప్ అంటే తీగల మీద అడ్డంగా బార్లు ఉండే వాయిద్యం; కార్డ్ అంటే కలిసి మోగే కొన్ని స్వరాల గుంపు. కొత్త కార్డ్ వస్తుంది, కానీ రెండు కార్డులూ కలిసిపోయి కాదు. బార్ తీగను మోగించదు, ఆపుతుంది. దాని అడుగున ఉన్న ఫెల్ట్ (మెత్తటి మందపాటి గుడ్డ) ముక్కలు ఆ కార్డ్‌కు చెందని తీగలన్నిటినీ నొక్కిపెడతాయి. రెండు బార్లు ఒకేసారి నొక్కితే, రెండిట్లోనూ ఉన్న స్వరాలు మాత్రమే మిగులుతాయి. అంటే స్వరాలు తగ్గుతాయే గానీ పెరగవు.

సీ మేజర్ కార్డ్‌లో ‘సీ’, ‘ఈ’, ‘జీ’ అనే పాశ్చాత్య స్వరాలు ఉంటాయి. సీ మైనర్‌లో ‘ఈ’ స్వరం బదులు దానికన్నా అర మెట్టు కిందిదైన ‘ఈ ఫ్లాట్’. రెండూ నొక్కితే మిగిలేవి సీ, జీ. మనవాళ్ల తంబురా చెప్పే స–ప అదే! మేజరో మైనరో తేల్చని, అమెరికాలోని అపలాచియన్ కొండల పాత పాటలకు ఈ బోలు నాదం ఎంత బాగా అతుకుతుందో వింటేనే తెలుస్తుంది. 21 బార్ల వాయిద్యాల్లో సాధారణంగా జీ, డీ, ఏ లకూ ఇలాంటి జంటలుంటాయి.

జీ మేజర్, జీ సెవెన్ (జీ మేజర్‌కు ఎఫ్ స్వరం చేర్చిన కార్డ్) కలిపితే మాత్రం ఉత్త జీ మేజరే. ఎఫ్, డీ మైనర్ కలిపితే ఎఫ్, ఏ రెండే మోగుతాయి.

బార్లు రెండూ అడుగంటా గట్టిగా నొక్కండి. ఒకటి సగమే దిగితే తీగలు గరగరమంటాయి.