అత్యవసర నిధి ఊడ్చేసి 1799 వెండి డాలరా?

ప్రశ్న: డాలస్‌లో హెచ్‌1బీపై పనిచేస్తున్నాను. భార్య డిపెండెంట్ వీసాపై ఉంది, ఒక పాప. నెల ఖర్చు 4,500 డాలర్లు, బ్యాంకులో 9,000 ఉన్నాయి. ఒకాయన 1799 నాటి అమెరికన్ వెండి డాలర్‌ను 12,000కు ఇస్తానంటున్నారు. గ్రేడింగ్ (అసలుదేనా, ఏ స్థితిలో ఉందో నిపుణ సంస్థతో తేల్చించడం) చేయించలేదట. చలామణిలోకే వెళ్లలేదని, ఆ ఏడాది 4,23,515 మాత్రమే ముద్రించారని చెబుతున్నారు. పొదుపులోంచి 7,000, క్రెడిట్ కార్డుపై నగదు 5,000 తీసి కొనొచ్చా?

సమాధానం: వద్దు. కొన్నాక మీ చేతిలో మిగిలేది 2,000. రెండు వారాల ఇంటి ఖర్చుకు కూడా చాలదు. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికో దేశం వీడడానికో మీకుండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు నాణేన్ని అమ్మాలంటే డీలర్ చెప్పిన ధరకు తలొంచాల్సిందే, వేలానికి పంపితే డబ్బు రావడానికే నెలలు పడుతుంది. ఇక కార్డుపై తీసిన నగదుకు ఫీజు వేరు, వడ్డీ ఆ రోజు నుంచే మొదలు. రూపాయి రాబడి ఇవ్వని వస్తువు కోసం అలాంటి అప్పు చేయడమేమిటండీ? ఆరు నెలల ఖర్చు, అంటే 27,000, పక్కన పడేదాకా ఈ ఆలోచనే పెట్టుకోవద్దు.

'తక్కువ ముద్రించారు కాబట్టి అరుదు' అన్న లెక్కతో చాలామంది మోసపోతున్నారు. 1794లో ముద్రించిన డాలర్లు 1,758 మాత్రమే, అవి నిజంగా అరుదు. 1799వి మాత్రం ఆ కాలపు వెండి డాలర్లలో అన్నిటికంటే తేలిగ్గా దొరికేవి. ఎన్ని ముద్రించారన్నదాని కంటే ఎన్ని మిగిలాయి, ఏ అచ్చు రకం, ఏ స్థితిలో ఉన్నాయన్నవే ధర తేలుస్తాయి. నాణెం స్థితికి 1 నుంచి 70 దాకా అంకె ఇచ్చే షెల్డన్ స్కేలుపై 60, ఆపైన వస్తేనే చలామణిలోకి వెళ్లనిదని అర్థం.

అప్పటి ప్రమాణ బరువు 26.96 గ్రాములు. అరిగితే కొంత తగ్గుతుంది, అంతకు మించి తూగితే అనుమానించాల్సిందే. అంచుపై 'హండ్రెడ్ సెంట్స్ వన్ డాలర్ ఆర్ యూనిట్' అని ఉండాలి. పది రెట్ల భూతద్దంతో నాణెంపై ఉన్న స్త్రీ బొమ్మ నుదుటి పైని జుట్టు, భుజం చూడండి, అరుగుదల మొదట కనిపించేది అలాంటి ఎత్తైన చోట్లే. దీపం కింద వంచుతుంటే సహజమైన మెరుపు నాణెంతో పాటు తిరుగుతుంది. తోమిన నాణెంపై సన్నని గీతలు ఒకే దిశలో బయటపడతాయి. అయితే గీత ఉన్నంత మాత్రాన తోమినట్టు కాదు. ముద్ర వేయకముందు బరువు ఎక్కువున్న వెండి బిళ్లను టంకశాలలోనే ఆకురాయితో రాసి సరిచేసేవారు, ఆ గాట్లపైనే ముద్ర పడేది. చిల్లు పూడ్చిన చోట రంగు, నునుపు తేడాగా ఉంటాయి. తోమిన, పూడ్చిన నాణేలకు గ్రేడింగ్ సంస్థలు అంకె ఇవ్వకుండా 'డీటెయిల్స్' అని రాస్తాయి, ధర బాగా పడిపోతుంది.

ఇన్ని చూసినా నకిలీలు దాటిపోతాయి. ఈ రకం డాలర్లకు నకిలీలు విపరీతం. పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నదే కొనాలి. డబ్బాలకూ నకిలీలున్నాయి కనుక దానిపై నంబరును ఆ సంస్థ సైట్‌లో కొట్టి, ఫొటో ఉంటే పోల్చుకోండి. అమ్మే వ్యక్తి గ్రేడింగ్‌కు పంపడానికే ఒప్పుకోకపోతే బేరం అక్కడితో వదిలేయండి.

401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి లోన్ కూడా వద్దు. నిధి నిండాక కొంటే మాత్రం విడిగా బీమా చేయించండి. ఇంటి పాలసీలో నాణేలకు ఇచ్చే పరిమితి చాలా తక్కువ, బ్యాంకు లాకర్‌లోని వస్తువులకు ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) రక్షణ ఉండదు. ఏడాది దాటాక లాభానికి అమ్మితే ఫెడరల్ పన్ను 28 శాతం దాకా పడొచ్చు.