18446744073709551615 అనే సంఖ్యలో అంత ప్రత్యేకత ఏముంది?

చదరంగం మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు... 64 గడులూ నిండేసరికి ఇన్ని గింజలవుతాయని అందరూ చెప్పేదే. గింజ 25 మిల్లీగ్రాములు అనుకుంటే 46 వేల కోట్ల టన్నుల పైమాట. నాకు మాత్రం ఈ సంఖ్య చూస్తే బియ్యం కాదు, బెంగళూరు మారతహళ్ళిలో మా సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు గుర్తొస్తుంది.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఆ వారం ఆన్‌కాల్, అంటే సిస్టమ్ ఎప్పుడు మొరాయించినా లేచి చూసే డ్యూటీ, నాదే (సంక్రాంతి వారం ఎప్పుడూ కొత్తవాళ్ళకే పడుతుంది, అదేం లాటరీయో). రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. డ్యాష్‌బోర్డ్ తెరిస్తే 'పెండింగ్ ఆర్డర్లు: 18446744073709552000' అని ఉంది. మామూలుగా మూడు వందలు దాటదు. ఎవరో హ్యాక్ చేశారనుకుని ఒకటే టెన్షన్.

మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. మోకాలి నొప్పి చూపించుకోవడానికి ఊరి నుంచి వచ్చి ఉన్నారు. మంచినీళ్ళకి లేచినవారు నా వెనక నిలబడి, స్క్రీన్ మీదకి వంగి, వేళ్ళు మడుస్తూ ఏదో గొణిగారు.

"ఏరా, మీ ఆఫీసులో చదరంగం లెక్క ఎందుకొచ్చింది? చివర తప్పేశారు చూడు. రెండు వేలు కాదు, 1615 ఉండాలి."

ఆయన గొణిగింది పావులూరి మల్లన పద్యం. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని 11వ శతాబ్దంలోనే తెలుగు చేసినాయన. ఈ 20 అంకెలనూ మాటలుగా మార్చి చంపకమాలలో పెట్టేశాడు. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1, షట్క 6, చంద్ర మళ్ళీ 1. కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. అందుకే చివర 1615.

లాగ్ ఫైలు (సిస్టమ్ తన పనులు రాసుకునే చిట్టా) తెరిస్తే నిజంగానే 1615! డ్యాష్‌బోర్డ్ రాసింది జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. 9007199254740991 దాటాక దానికి ప్రతి సంఖ్యా కచ్చితంగా పట్టదు, దగ్గర్లో ఉన్నదేదో చూపించి ఊరుకుంటుంది. 64 గడులంటే 64 బిట్లు (కంప్యూటర్ సంఖ్యను దాచుకునే 0, 1ల గడులు) కదా అని అప్పుడు వెలిగింది. మైనస్ అంటే తెలియని కౌంటర్ అది. ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు క్యాన్సిల్ వచ్చింది. సున్నాలోంచి ఒకటి తీసేయమంటే వెనక్కి తిరిగి, 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అయిన దీని నెత్తి మీదకెక్కి కూర్చుంది.

మీరడిగింది గణితం కాబట్టి అదీ చెప్తాను. దీన్ని కారణాంకాలుగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417. అన్నీ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండోసారి రాదు. నాకిష్టమైంది 641. గణితవేత్త ఫెర్మా 4294967297ను ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641తో శేషం లేకుండా భాగించి చూపించాడు. ఆ 4294967297ను 4294967295తో గుణిస్తే వచ్చేది మన సంఖ్యే. నన్నడిగితే ఇంతకన్నా అందమైన సంఖ్య లేదు. ఎవరినడిగినా రామానుజన్, 1729 అంటారు. గొప్పదే, కాదనను. కానీ అది నాలుగంకెలు, ఇది ఇరవై. పైగా మన ఛందస్సులో ఉంది. తెలుగులో లెక్కలు చెప్పడం కుదరదని మా పిల్లల స్కూల్లో ఒక టీచర్ అన్నప్పుడు ఈ పద్యమే అప్పజెప్పాను. ఆవిడ నవ్వి డైరీ చేతికిచ్చింది.

పెద్ద సంఖ్యలను డ్యాష్‌బోర్డ్‌కి స్ట్రింగ్‌గా, అంటే సంఖ్యలా కాక అక్షరాల్లా, పంపాలని మర్నాడే టికెట్ (సరిచేయమని అర్జీ) పెట్టాను. నేను ఆ కంపెనీ మానేసేదాకా అది ఓపెన్‌గానే ఉంది.