ఆర్గాన్‌లో పాజిట్రాన్లను కొలవబోయే మేనకోడలికి

హన్మకొండ

బిడ్డా రమ్యా,

ఫోన్‌లో నువ్వు అడిగింది ఒక్కటే: "మామా, ఏ డిటెక్టర్లు కొనాలె?" దానికి మీ గైడ్ జవాబు చెప్తారు. నేను చెప్పేది వేరే. పాజిట్రాన్ అంటే ఎలక్ట్రాన్‌కు ప్రతికణం, ఎలక్ట్రాన్ కలిస్తే రెండూ అంతరించి గామా కిరణాలవుతాయి. ఆర్గాన్ గ్యాస్‌లో అది ఎంతసేపు బతుకుతుందో కొలిచే ఈ ప్రయోగంలో డిటెక్టర్ కన్నా ముందు గ్యాస్‌ను అనుమానించు. అంకె తేడా వస్తే అందరూ ఎలక్ట్రానిక్స్ విప్పుతారు. దొంగ మాత్రం చాలాసార్లు ఛాంబర్ లోపలే దొరుకుతాడు.

ఎందుకో లెక్కలోనే కనిపిస్తుంది. గ్యాస్‌లో పాజిట్రాన్ ఎంత వేగంగా అంతరిస్తుందో చెప్పడానికి జెడ్-ఎఫెక్టివ్ అనే అంకె వాడతాం. ఒక్కో పరమాణువులో ఎన్ని ఎలక్ట్రాన్లు దానికి అందుబాటులో ఉన్నట్టు లెక్క తేలుతుందో అది. హీలియంకు దాదాపు 4, నియాన్‌కు 6. ఆర్గాన్‌లో ఉన్నవి 18 ఎలక్ట్రాన్లే అయినా అంకె 27 దగ్గర వస్తుంది, ఎందుకంటే పాజిట్రాన్ దగ్గరికొస్తే ఎలక్ట్రాన్ మేఘం దానివైపు ఒరుగుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. హైడ్రోకార్బన్ల దగ్గరికి వచ్చేసరికి లెక్కంతా తారుమారు. ప్రొపేన్‌కు 3,500 ప్రాంతం, బ్యూటేన్‌కు పది వేల పైన, హెక్సేన్‌కు ఏకంగా 1,20,000 దాకా. మన వంటింటి సిలిండర్‌లో ఉండేవి ఆ మొదటి రెండే. పాజిట్రాన్ అణువును కంపింపజేసి, ఆ శక్తి పోగొట్టుకుని, కాసేపు దానికే అతుక్కుపోతుంది. కొన్ని ప్రత్యేక శక్తుల దగ్గర జరిగే ఈ అతుకుడునే రెజొనెన్స్ అంటారు, వీటిని కాలిఫోర్నియాలో క్లిఫర్డ్ సుర్కో బృందం 2002లో నేరుగా చూపించింది.

ఇప్పుడు నీ ఛాంబర్ సంగతి. పది వేల ఆర్గాన్ పరమాణువులకు ఒక్క హెక్సేన్ అణువు తోడైతే 27 కాస్తా 39 అవుతుంది. రోటరీ పంపు నూనెలో అణువులు హెక్సేన్ కన్నా చాలా పెద్దవి. ఆ ఆవిరి పైపుల వెంట వెనక్కి పాకితే ఏమవుతుందో నువ్వే వేసుకో. వీలైతే నూనె లేని పంపు అడుగు. లేదంటే మధ్యలో నూనె ఆవిరిని పట్టేసే ట్రాప్ పెట్టించుకో. ములుగు రోడ్డు వెల్డింగ్ షాపుల్లో దొరికే ఆర్గాన్ చవకే, కానీ మనకు పనికిరాదు. హై ప్యూరిటీ గ్రేడే తెప్పించుకుని, సిలిండర్‌తో వచ్చే సర్టిఫికెట్ నంబరు నోట్‌బుక్‌లో ఎక్కించు. సిలిండర్ మార్చినప్పుడల్లా రెగ్యులేటర్‌లో, పైపుల్లో గాలి మిగులుతుంది. పంపుతో లాగెయ్యి, కొంచెం గ్యాస్ నింపు, మళ్లీ లాగెయ్యి, ఇట్లా నాలుగైదు సార్లు. ఫ్లాంజ్ (పైపులు బిగించే అంచు) లోపలివైపు ఉత్త చేతులతో ముట్టకు, వేలిముద్రలో కూడా నూనె ఉంటుంది.

గ్యాస్ శుభ్రంగా ఉందో లేదో పాజిట్రానే చెప్తుంది. గ్యాస్ నింపిన రోజు ఒకసారి కొలువు, వాల్వు మూసి అట్లాగే వదిలేసి మూడో రోజు మళ్లీ కొలువు. రేటు పెరిగిందా, గోడల నుంచి ఏదో ఊరుతోందన్నమాట. అప్పుడు ఛాంబర్‌ను వేడిచేసి పంపు చేయాల్సిందే.

ఆక్సిజన్‌ది ఇంకో తీరు. కొంచెం కలిస్తే ఒంటరి పాజిట్రాన్‌ను పెద్దగా ఇబ్బంది పెట్టదు గానీ, పాజిట్రోనియంను వదలదు. పాజిట్రాన్, ఎలక్ట్రాన్ జంట కట్టిన ఆర్థో-పాజిట్రోనియం శూన్యంలో 142 నానోసెకన్లు బతుకుతుంది. ఆక్సిజన్ తగిలితే ఎలక్ట్రాన్ స్పిన్ మారి ఆ బతుకు కుదించుకుపోతుంది. 1951లో మార్టిన్ డాయిష్ పాజిట్రోనియంను కనిపెట్టినప్పుడు ఇదే గుణాన్ని సాక్ష్యంగా వాడుకున్నాడు. నైట్రోజన్‌లో కొంచెం నైట్రిక్ ఆక్సైడ్ కలిపి, ఎక్కువ కాలం బతికే భాగం మాయమవడం చూశాడు. ఆయనకు సాక్ష్యమైంది నీకు లీకు లక్షణం. శుభ్రమైన ఆర్గాన్‌లో రావాల్సిన అంకె కన్నా బాగా తగ్గితే ముందు సబ్బు నురగ తీసుకుని జాయింట్ల మీద పడు.

పాజిట్రాన్లనిచ్చే సోర్స్ గురించి కాస్త గట్టిగానే చెప్తున్నా. సోడియం-22ను రెండు పలుచని రేకుల మధ్య మూసి ఇస్తారు. ఆ మధ్యన చిక్కుకున్న గాలి ఛాంబర్‌ను వేగంగా ఖాళీ చేస్తే ఉబ్బి, రేకును చించగలదు. చినిగితే ఛాంబర్ మొత్తం రేడియోధార్మిక ఉప్పు. కాబట్టి వాల్వు ఒకేసారి తిప్పకు, చుక్కచుక్కగా లాగు. రేడియేషన్ కొలిచే బ్యాడ్జి లేకుండా గదిలో అడుగు పెట్టకు, సోర్స్‌ను పటకారుతోనే పట్టు. పెద్ద సోర్స్ పెడితే పని తొందరగా అవుతుందని కూడా ఆశపడకు. పాజిట్రాన్ పుట్టినప్పుడు వచ్చే 1,275 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా నీ గడియారానికి స్టార్ట్, అది అంతరించినప్పుడు వచ్చే 511ది స్టాప్. గ్యాస్‌లో వందల నానోసెకన్లు ఎదురు చూస్తాం కాబట్టి, సోర్స్ బలమైతే ఒకదాని స్టార్ట్‌కు ఇంకోదాని స్టాప్ జత పడుతుంది. మైక్రోక్యూరీల్లో ఉంటే చాలు, రాత్రంతా నడవనీ. రాత్రి ఏసీ మాత్రం బంద్ చేయనీయకు. వేడి మారితే డిటెక్టర్‌లో వెలుగును సిగ్నల్‌గా పెంచే ఫోటోమల్టిప్లయర్ గెయిన్ జరుగుతుంది. కరెంటు పోయి వస్తే హై వోల్టేజీ దానంతటదే ఎక్కకుండా చూసుకో.

పీడనం పది అట్మాస్ఫియర్ల దగ్గర పెట్టు. ఒక్క అట్మాస్ఫియర్‌లో వేగం మీదున్న పాజిట్రాన్ మీటరు దాకా పోగలదు, గోడకు తగిలి అక్కడే పోతుంది. పది దగ్గరైతే జానెడు ఛాంబర్‌లోనే చాలావరకు ఆగిపోతాయి, ఒంటరి పాజిట్రాన్ ఆయుష్షు 20 నానోసెకన్ల దగ్గర కనిపిస్తుంది.

ఇక స్పెక్ట్రంలో, అంటే ఎంతసేపటికి ఎన్ని పాజిట్రాన్లు అంతరించాయో చూపే గ్రాఫులో, మొదటి ముప్ఫై, నలభై నానోసెకన్లు నిన్ను తికమక పెడతాయి. గీత తిన్నగా దిగదు, భుజంలా ఆగి ఆ తర్వాత దిగుతుంది. దాన్నే షోల్డర్ అంటారు. 8.96 ఎలక్ట్రాన్ వోల్టుల కింద ఆర్గాన్‌లో పాజిట్రోనియం ఏర్పడదు. ఆ కింద పాజిట్రాన్ చేయగలిగింది పరమాణువును ఢీకొని వెనక్కి ఎగరడమే, లారీకి తగిలిన పింగ్‌పాంగ్ బంతిలా. ఒక్కో దెబ్బకు పోయే శక్తి సగటున ముప్ఫై ఆరు వేలల్లో ఒక వంతు. చల్లబడేదాకా జెడ్-ఎఫెక్టివ్ వేరే, అందుకే ఆ భుజం. ఆయుష్షు తేల్చడానికి గీతకు లెక్క సరిపెట్టే ఫిట్టింగ్ దాని తర్వాతే మొదలుపెట్టు. ఎంత తర్వాత అని అడుగుతావు. మొదలుపెట్టే చోటును కుడికి జరుపుతూ పో, జవాబు మారడం ఎక్కడ ఆగుతుందో చూడు. మంచి ఆర్గాన్‌లో భుజం స్పష్టంగా ఉంటుంది. చిటికెడు నైట్రోజన్ కలిసినా అణువుల భ్రమణానికి, కంపనానికి శక్తి పోయి భుజం కుదించుకుపోతుంది. అంటే ఇది కూడా శుభ్రతకు పరీక్షే.

చల్లబడే కాలాన్ని తేలిగ్గా తీసుకోకు. 1987లో మిషిగన్ వాళ్లు గ్యాస్‌లో కొలిచిన ఆర్థో-పాజిట్రోనియం రేటు సిద్ధాంతానికి సరిపోలేదు. ఏళ్ల తరబడి కొత్త భౌతికశాస్త్రం అని కూడా ఊహించారు. పాజిట్రోనియం అనుకున్నంత త్వరగా చల్లబడటం లేదన్నది తర్వాత తేలింది. 2003లో అదే మిషిగన్ నుంచి వచ్చిన కొలత సిద్ధాంతంతో కలిసింది.

వచ్చే ఏడు పాజిట్రాన్ బీమ్ మీదికి పోయినప్పుడు, గ్యాస్‌కు తగిలి ఎన్ని దారి తప్పుతాయో చెప్పే స్కాటరింగ్ కొలతకు సూత్రం సులువే: గ్యాస్ లేకుండా ఎన్ని వచ్చాయి, పెట్టాక ఎన్ని వచ్చాయి, నిష్పత్తికి లాగరిథం. చిక్కంతా వేరేచోట. టంగ్‌స్టన్ రేకు నుంచి పది వేలల్లో ఒకటో రెండో నెమ్మది పాజిట్రాన్లు వస్తాయి, వాటి శక్తిని పవర్ సప్లై మీటర్ చూసి రాసేయకు. ఆపే వోల్టేజీ గ్రిడ్‌తో కొలిచి రాయి. తర్వాత హీలియం పెట్టి చూడు, పాజిట్రోనియం ఏర్పడటం మొదలయ్యే 17.8 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర క్రాస్ సెక్షన్ (ఢీకొనే అవకాశాన్ని చెప్పే కొలత) పైకి లేవాలి. అర వోల్టు అటో ఇటో లేచిందంటే నీ శక్తి లెక్కలో సున్నా తప్పు.

ప్రెషర్ గేజ్ తల 45 డిగ్రీల దగ్గర ఉంచుతారు. మన మే నెలలో గది బయట కూడా అంతే అనుకో, కానీ ల్యాబ్ 25లో ఉంటుంది. పలుచని గ్యాస్‌లో ఆ తేడా ఒక్కటే మూడు శాతం తప్పు చూపుతుంది. అన్నిటికన్నా మొండిది, కొద్దిగా మాత్రమే వంగి నేరుగా పోయే పాజిట్రాన్లు. వాటిని డిటెక్టర్ "తాకలేదు" అని లెక్కేస్తుంది, క్రాస్ సెక్షన్ తక్కువ వస్తుంది. నీటి ఆవిరిలో మరీను. రెండు ల్యాబుల అంకెలు కలవకపోతే ముందు వాళ్ల కోణాల హద్దు చూడు, ఆ తర్వాతే ఎవరిది తప్పో మాట్లాడు.

దసరాకు వచ్చేటప్పుడు ఫిట్టింగ్ ఫలితాల షీట్ కాదు, ముడి స్పెక్ట్రం ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకురా. పీక్‌కు ఎడమవైపు బ్యాక్‌గ్రౌండ్ కత్తిరించకుండా.

నీ మేనమామ