ముప్పై వ్యాసాలు చదివినా సమీక్ష తిరిగి వచ్చింది

సందేహం: గుంటూరులో వ్యవసాయ బీఎస్సీ చేసి ఎంఎస్‌కు విదేశం వచ్చాను. మిర్చిలో నల్ల తామర పురుగుపై ముప్పై వ్యాసాలు చదివి సాహిత్య సమీక్ష (ఇప్పటివరకు వచ్చిన పరిశోధనల సమీక్ష) రాశాను. ‘ఇవన్నీ సారాంశాలే’ అని గైడ్ తిప్పి పంపారు. ఏం చేయాలి అక్కా?

చెల్లెమ్మా, విజయవాడ నుంచి వచ్చిన మొదటి ఏడాది నేనూ ఇదే పొరపాటు చేశాను. ‘ఫలానావారు ఇలా అన్నారు’ అంటూ వ్యాసానికొక పేరా. ‘ఇంతకీ ఏం తేలింది?’ అని మా గైడ్ చివరి పేజీలో రాశారు.

మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి రంగు, తేమ, తాలు చూస్తారు కదా, వ్యాసాలనూ అలాగే విప్పాలి. పెద్ద కాగితం మీద గళ్లు గీయి. ఒక్కో అడ్డవరుస ఒక్కో వ్యాసానికి. నిలువు వరుసలపైన నీ ప్రశ్నలు: ఏ పంట, ఏ ప్రాంతం, ఏ ఏడు, పురుగులను ఎలా లెక్కించారు, ఏ మందుకు లొంగింది. నింపడానికి వారం పట్టినా పట్టనీ. రాసేటప్పుడు మాత్రం నిలువుగా చదువు. ఒక్కో ప్రశ్నకు ఒక పేరా. అందులో ఎవరెవరు ఏకీభవించారు, ఎవరు విభేదించారు, ఎందుకు అన్నది నువ్వే చెప్పాలి. పువ్వుల్లో లెక్కించినవారికీ ఆకుల మీద లెక్కించినవారికీ అంకెలు వేరుగా వస్తే అది విభేదం కాదు, పద్ధతిలో తేడా.

ఈ పురుగు మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరు బొప్పాయి మీద నమోదైంది. మన మిర్చి తోటలను 2021లో ముంచేసింది. నీ గళ్లలో ఆ మధ్య ఏళ్ల వ్యాసాలేవీ లేకపోతే నీ పరిశోధన ప్రశ్న అక్కడే దొరకవచ్చు.

అయితే ‘ఎవరూ చేయలేదు’ అని రాసే ముందు బాగా వెతుకు. థ్రిప్స్ పార్విస్పైనస్ అనే శాస్త్రీయ నామంతో వెతికితే ఇండోనేషియా మిర్చి మీద చేసిన పని కూడా కనిపిస్తుంది. గూగుల్ స్కాలర్‌లో మంచి వ్యాసం కింద ‘సైటెడ్ బై’ నొక్కితే, దాన్ని ఉదహరించిన తర్వాతి వ్యాసాలు వస్తాయి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు కృషికోశ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉంటాయి. ఇక్కడి గైడ్‌లకు దాని సంగతి తెలియకపోవచ్చు. లాం ఫారం (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం) పక్కన పెరిగినదానివి, అది నీకు పెద్ద బలం.

వాక్యాలు ఎత్తి రాయకు, ఇక్కడ దాన్ని దొంగతనంగానే చూస్తారు. ఉదహరించిన వ్యాసాల జాబితాకు జొటెరో అనే సాఫ్ట్‌వేర్ వాడు, ఉచితమే.

మొత్తం తిరగరాయడానికి కూర్చోకు. ముందు ఒక్క నిలువు వరుస మీద పేరా రాసి గైడ్‌కు చూపించు.