మిరపాకు తెగుళ్లపై కాన్ఫరెన్స్ పేపర్లు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: పల్నాడు జిల్లాలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. మిరప ఆకుల ఫోటోలను బట్టి తెగులును గుర్తించే ప్రాజెక్టు తీసుకున్నాం. లిటరేచర్ సర్వేలో, అంటే పాత పరిశోధనల సమీక్షలో, కనీసం 15 ఐఈఈఈ పేపర్లు ఉండాలని గైడ్ గారు చెప్పారు. ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ పేపర్లు ఉండే ఆన్‌లైన్ లైబ్రరీ ఐఈఈఈ ఎక్స్‌ప్లోర్‌లో వెతికితే కొన్నే వస్తున్నాయి. తెరవబోతే ఒక్కోదానికి 30 డాలర్లకు పైగా అడుగుతోంది. ఈలోగా ఒక కాన్ఫరెన్స్ వాళ్లు ఫీజు కడితే మా పేపర్ వేస్తామని మెయిల్ పంపారు. ఇదంతా ఉద్యోగానికి గానీ ఎంఎస్‌కి గానీ నిజంగా పనికొస్తుందా?

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు కాబట్టి. ఎక్స్‌ప్లోర్‌లో వెతకడానికీ, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) చదవడానికీ పైసా కట్టనక్కర్లేదు. పూర్తి పేపర్‌కే చందా కావాలి. మీ కాలేజీ ఆ చందా కట్టి ఉంటే, క్యాంపస్ నెట్‌వర్క్‌లో తెరిచిన పేపర్ నేరుగా వచ్చేస్తుంది. అదే పేపర్‌ను హాస్టల్ గదిలో మీ ఫోను డేటాతో తెరిస్తే డాలర్లు అడుగుతుంది. కాబట్టి మొదట లైబ్రేరియన్‌ను కలవండి. ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థులు నాలుగేళ్లూ పలకరించకుండా వెళ్లిపోయే మనిషి ఆయనే. కాలేజీకి లైబ్రరీల నెట్‌వర్క్ అయిన డెల్‌నెట్ సభ్యత్వం ఉందా, బయటి నుంచి వాడుకునే లాగిన్ ఇస్తారా అని కూడా అడగండి.

కేంద్రం తెచ్చిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ గురించి మీరు విని ఉంటారు. 2024 నవంబరులో మంత్రివర్గం ఆమోదించిన పథకం ఇది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు పెట్టి, 30 ప్రచురణ సంస్థల జర్నల్స్‌ను దాదాపు 13,000 వరకు అందుబాటులోకి తెచ్చారు. అయితే ఇది ప్రభుత్వ విద్యాసంస్థలకూ, కేంద్ర పరిశోధన సంస్థలకూ ఉద్దేశించింది. మీది ప్రైవేటు కాలేజీ కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఏ చందా లేకపోయినా దారి ఉంది. పేపర్ పూర్తి శీర్షికను గూగుల్ స్కాలర్‌లో పెట్టి చూడండి. కుడివైపు పీడీఎఫ్ లింకు కనిపిస్తే అది ఉచితం. కనిపించకపోతే కింద ‘ఆల్ వెర్షన్స్’ నొక్కండి. రచయిత తన సొంత పేజీలోనో, పేపర్లను ఉచితంగా ఉంచే ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లోనో పెట్టుకున్న ప్రతి దొరకవచ్చు. అదీ లేకపోతే రచయితకే మర్యాదగా నాలుగు ముక్కల మెయిల్ రాయండి. తమ పని ఒక విద్యార్థి చదువుతానంటే కాదనేవారు తక్కువ.

ఇక అసలు చిక్కు. మీకు కొన్నే పేపర్లు వస్తున్నాయంటే లోపం డేటాబేస్‌ది కాదు, మీరు టైప్ చేస్తున్న మాటలది. ఇంగ్లిష్‌లో మిరపను ఎన్ని రకాలుగా రాస్తారో చూడండి. బ్రిటిష్ పద్ధతిలో ‘చిల్లీ’లో ఎల్ రెండు, అమెరికన్ పద్ధతిలో ఒకటే. మన దేశపు పేపర్లలో కొందరు చివర ఐ బదులు వై పెడతారు. తూర్పు ఆసియా వాళ్లు హాట్ పెపర్ అని రాస్తారు. వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు క్యాప్సికమ్ యాన్యుమ్ అంటారు. మీరు ఒక్క స్పెల్లింగ్‌తో వెతికితే మిగతావన్నీ కనబడకుండా పోతాయి. పోనీ మొదటి నాలుగు అక్షరాలు కొట్టి చివర నక్షత్రం గుర్తు పెడదామా అంటే, చిల్డ్రన్ మీద వచ్చిన పేపర్లన్నీ మీ నెత్తిన పడతాయి. అందుకని ఈ పేర్లన్నిటినీ ఒక బ్రాకెట్లో పెట్టి, మధ్యలో పెద్ద అక్షరాలతో ‘ఆర్’ రాయండి. బ్రాకెట్ బయట ‘అండ్’ పెట్టి, రెండో బ్రాకెట్లో తెగులు మాటలు పెట్టండి. రెండు పదాలు పక్కపక్కనే ఉండాలంటే, ఉదాహరణకు ‘లీఫ్ కర్ల్’, కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి.

ఇంకో సంగతి. ఎక్స్‌ప్లోర్ మామూలుగా శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్, కీవర్డ్స్ వంటి వాటిలోనే వెతుకుతుంది, పేపర్ లోపలి పాఠంలో కాదు. పది పంటల మీద చేసిన పనిలో మిరప ఒకటైతే అబ్‌స్ట్రాక్ట్‌లో దాని పేరే ఉండకపోవచ్చు. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి వెళ్లి పూర్తి పాఠంలో కూడా వెతకమని చెప్పండి. ఫలితాలు మరీ ఎక్కువైతే ఎడమవైపు ‘కాన్ఫరెన్సెస్’ ఎంచుకుని, సంవత్సరాలు కుదించండి.

తెగులు మాటల దగ్గర మీకు కంప్యూటర్ పుస్తకాలు సాయం చేయవు. ఆకు ముడుచుకుంది అని మనం ఒక్క మాటలో అంటాం. రైతును అడిగితే పై ముడతా, కింది ముడతా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. పై ముడతకు తామర పురుగు కారణం, కింది ముడతకు నల్లి. ఇవి రెండూ కాక తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్ వేరే ఉంది. ఫోటోలన్నిటికీ ‘లీఫ్ కర్ల్’ అని ఒకే పేరు పెట్టిన డేటాసెట్‌లో ఈ మూడూ కలిసిపోతే, మీ మోడల్ ఎంత బాగా పనిచేసినా రైతు ఏ మందు కొట్టాలో చెప్పలేదు. గుంటూరు పక్కన లాం ఫారంలో మిరప మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఉన్నారు, మీకు దూరం కూడా కాదు. వెళ్లి ఈ పురుగుల, తెగుళ్ల ఇంగ్లిష్ పేర్లు రాసుకుని రండి. ఆ పేర్లే మీ కీవర్డ్స్. వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు కృషికోశ్ అనే సైట్‌లో దొరుకుతాయి, వాటిలో రెండో అధ్యాయం సాధారణంగా పాత పరిశోధనల సమీక్షే.

గైడ్ గారు ‘ఐఈఈఈ పేపర్లు’ అన్నారు కదా. మన కాలేజీల్లో ఏ పరిశోధన పేపర్‌నైనా ఆ పేరుతోనే పిలవడం అలవాటైపోయింది. అమీర్‌పేటలో ప్రాజెక్టులు అమ్మే కొట్లన్నీ బోర్డు మీద ఆ మాటే రాసుకుంటాయి. ఆ మాటను పట్టుకుని ఎక్స్‌ప్లోర్ ఒక్కటే వెతికితే మీకు అత్యవసరమైన పేపరే తప్పిపోతుంది. ఉదాహరణకు ‘ప్లాంట్‌డాక్’. పంట తెగుళ్ల ఫోటోల మీద ఐఐటీ గాంధీనగర్ వాళ్లు చేసిన పని. 13 రకాల మొక్కలవి 2,598 ఫోటోలు. 2020 జనవరిలో మన హైదరాబాద్‌లోనే జరిగిన కాడ్స్-కోమాడ్ సదస్సులో వచ్చింది. అది ఉన్నది ఏసీఎమ్ అనే మరో కంప్యూటర్ సంఘం డిజిటల్ లైబ్రరీలో. ఆర్కైవ్‌లో ఉచిత ప్రతి కూడా ఉంది. కంప్యూటర్ విజన్ సదస్సులైన సీవీపీఆర్, ఐసీసీవీ పేపర్లను సీవీఎఫ్ సంస్థ 2013 నుంచి ఉచితంగా పెడుతోంది. ఏ సదస్సులో ఏ ఏడాది ఏమేం వచ్చాయో వరసగా చూడాలంటే కంప్యూటర్ సైన్స్ పేపర్ల జాబితా సైట్ డీబీఎల్‌పీ తెరవండి.

మంచి పేపర్ ఒక్కటి చేతికి దొరికాక మళ్లీ సెర్చ్ పెట్టె దగ్గరికి పరుగెత్తకండి. దాని రిఫరెన్సులు చూస్తే వెనకటి పని తెలుస్తుంది. ‘సైటెడ్ బై’ నొక్కితే దాన్ని ఉదాహరిస్తూ ఆ తర్వాత వచ్చిన పని తెలుస్తుంది. కీవర్డ్స్ దగ్గర రచయితలు వాడిన మాటలు ఉంటాయి, వాటితో మీ బ్రాకెట్లు సరిదిద్దుకోండి. ఇలా రెండు మూడు విడతలు తిరిగితే 15 కాదు, 50 వస్తాయి. అప్పుడు మీ పని ఏరి పారేయడం.

ఏరేటప్పుడు ఖచ్చితత్వం శాతం చూసి మోసపోవద్దు. ఈ రంగంలో అందరూ ఉదాహరించే పని 2016లో ఫ్రాంటియర్స్ ఇన్ ప్లాంట్ సైన్స్ అనే జర్నల్‌లో వచ్చింది. ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ప్లాంట్‌విలేజ్ అనే డేటాసెట్‌లోని 54,306 ఫోటోలతో చేశారు. ఖచ్చితత్వం 99.35 శాతం. చాలామంది విద్యార్థులు ఈ అంకె రాసుకుని పేజీ తిప్పేస్తారు. అదే పేపర్ అబ్‌స్ట్రాక్ట్ దాటి లోపలికి వెళ్తే, వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు చూపించినప్పుడు అది 31 శాతానికి పడిపోయిందని రచయితలే చెప్పారు. ఎందుకంటే నేర్పిన ఫోటోల్లో ఒక్కో ఆకును కోసి, సాదా నేపథ్యం మీద పెట్టి తీశారు. చేలో ఎండ, నీడ, మట్టి, పక్క ఆకు అన్నీ ఉంటాయి. పైగా ఆ డేటాసెట్‌లో ఉన్నది బెల్ పెపర్, అంటే కూరల్లో వేసే లావు క్యాప్సికం. మీ ఊరి మిరప కాదు. ప్లాంట్‌విలేజ్ మీద 98 శాతం తెచ్చామని చెప్పే పేపర్లు మీకు కుప్పలుగా కనిపిస్తాయి. అవి పది చదివే బదులు చేలో ఫోటోలు తీసిన రెండు చదవండి.

డేటాబేస్‌లో ఉన్నంత మాత్రాన నమ్మదగినదని కూడా అనుకోకండి. కంప్యూటర్ ప్రోగ్రాం పుట్టించిన అర్థంపర్థం లేని పేపర్లు సదస్సుల ప్రొసీడింగ్స్‌లోకి (పేపర్ల సంకలనాల్లోకి) ఎక్కాయని బయటపడి, 2014లో ఐఈఈఈ, స్ప్రింగర్ కలిపి 120కి పైగా తొలగించాల్సి వచ్చింది. శీర్షిక ముందు ‘రిట్రాక్షన్’ (ఉపసంహరణ) అన్న మాట కనిపిస్తే ఆ పేపర్‌ను మీ రిపోర్టులో పెట్టవద్దు.

ఉద్యోగానికి పనికొస్తుందా అని అడిగారు. పేర్ల జాబితాగా అయితే ఎందుకూ కొరగాదు. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగేవారు ఏ పేపర్లు చదివారని అడగరు, ఈ పద్ధతే ఎందుకు, ఎక్కడ దెబ్బతింటుంది అని అడుగుతారు. 99 ఎందుకు 31 అయిందో, పై ముడతకూ కింది ముడతకూ తేడా తెలియని మోడల్ ఎందుకు ప్రమాదమో మీరు చెప్పగలిగితే చాలు. ఎంఎస్‌కి రాసే స్టేట్‌మెంట్‌లోనూ, రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్‌కు రాసే మెయిల్‌లోనూ ఈ నాలుగు వాక్యాలే మిమ్మల్ని మిగతావారి నుంచి వేరు చేస్తాయి. అందుకే చదివిన ప్రతి పేపర్‌కీ ఫోటోలు ఎక్కడివి, ఎన్ని, ఏమి తేల్చారు, ఏమి వదిలేశారు అని నాలుగు గళ్లలో రాసి పెట్టుకోండి. రిఫరెన్సులను భద్రపరిచే సాఫ్ట్‌వేర్ జొటేరో ఉచితంగా దొరుకుతుంది, ఆ భారం దానికి అప్పగించండి.

ఫీజు కట్టమన్న మెయిల్ మాటకొస్తే, ఫీజు అడగడం తప్పు కాదు, పేరున్న సదస్సులూ అడుగుతాయి. కానీ మీరు ఏమీ పంపకముందే వేస్తామన్నారు చూడండి, అది అనుమానించాల్సిన విషయం. సివిల్, మేనేజ్‌మెంట్, నర్సింగ్ అన్నీ ఒకే సదస్సులో కలిపారేమో చూడండి. వాళ్లు ఐఈఈఈ పేరు వాడుకుంటే ఐఈఈఈ సొంత సైట్‌లోని సదస్సుల జాబితాలో ఆ పేరు, తేదీ, ఊరు సరిపోతున్నాయో చూసుకోండి. ఆ తర్వాత ఎక్స్‌ప్లోర్‌లో అదే సదస్సు కిందటి ఏడాది పేపర్లు వెతకండి. ఏళ్లుగా జరుపుతున్నామని చెప్పుకుని ఒక్క పేపరూ చూపలేకపోతే డబ్బు పంపవద్దు. మీ నాన్నగారితో మాట్లాడి ఆ ఫీజు డబ్బుతో మార్చిలోపు చేలకు వెళ్లి, వేర్వేరు వేళల్లో సొంతంగా ఫోటోలు తీయండి.