రాత్రి తక్కువ తిన్నా పొద్దున్నే షుగర్ ఎందుకు పెరుగుతోంది?

రాత్రి భోజనం బాగా తగ్గించినా ఫాస్టింగ్ షుగర్ 160 దాటుతోంది, ఇక రాత్రి తిండే మానేయాలా అని అడిగారు. దయచేసి మానేయకండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకునేవాళ్లు భోజనం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. నాకు టైప్ 2 షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మొదట్లో నాకూ ఇదే టెన్షన్.

రక్తంలోకి గ్లూకోజ్ తిండి నుంచి మాత్రమే రాదండీ. మనం నిద్రపోతున్నా మెదడు పనిచేయాలి కదా, అందుకని లివర్ తన దగ్గరున్న గ్లూకోజ్‌ను రాత్రంతా కొద్దికొద్దిగా వదులుతుంటుంది. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగేసరికి అది ఇంకాస్త ఎక్కువవుతుంది. షుగర్ లేనివాళ్లకు వెంటనే ఇన్సులిన్ పెరిగి సర్దుకుంటుంది. మనకేమో ఇన్సులిన్ చాలదు, ఉన్నదీ సరిగ్గా పనిచేయదు. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యంగా తగ్గించేది లివర్ వదిలే ఈ గ్లూకోజ్‌నే.

మా డాక్టరుగారు పడుకునే ముందు, రాత్రి మూడింటికి, లేవగానే చూసి రాసుకోమన్నారు. ఒక రోజు నాకు 138, 131, 164 వచ్చాయి. అంటే పెరిగేది మూడింటి తర్వాతే, భోజనం వల్ల కాదు. మీకు పడుకునేటప్పుడే ఎక్కువుంటే అప్పుడు భోజనం సంగతి ఆలోచించాలి. మూడింటికి 70 కన్నా తక్కువ కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి, ఆ విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

నాకు మాత్ర వేసుకునే వేళ మార్చారు, రాత్రి తిన్నాక కాసేపు నడవమన్నారు. కదిలే కండరాలు ఇన్సులిన్ అంతగా లేకపోయినా గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. నాకైతే మాత్ర కన్నా ఈ నడకే ఎక్కువ మేలు చేసిందనిపిస్తుంది, అయినా మాత్ర మానలేదు.

ఒక్క పొద్దుటి అంకె చూసి బెంగపడకండి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయిస్తే రెండు మూడు నెలల షుగర్ సగటు తెలుస్తుంది. రక్తహీనత ఉంటే ఆ అంకె తేడాగా రావచ్చు, అది ముందే చెప్పండి.

ఆ మూడు రీడింగులూ కొన్ని రోజులు రాసి, ఏ మందు ఎన్నింటికి వేసుకున్నారో పక్కనే రాసి డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా డోసు మీ అంతట మీరు పెంచొద్దు.